‘పబ్లిక్’ని ఫ్రెంచ్‌లోకి దించే తిప్పలు

నమస్తే అండీ అందరికీ. వెనక వాళ్లకి వినిపిస్తోందా? సరే. ఈ వానలో, ఈ ట్రాఫిక్‌లో ఇంతమంది వస్తారని నేనైతే అనుకోలేదు, టాపిక్ అలాంటిది మరి. ఇంగ్లిష్‌లో ఆస్తుల గురించి, కంపెనీల గురించి వాడే పబ్లిక్, ప్రైవేట్, ఓనర్ అనే మాటల్ని ఫ్రెంచ్‌లోకి ఎలా తేవాలి అని. పొద్దున మా అమ్మకి చెప్తే "దాని మీద గంటసేపు ఏం మాట్లాడతావే" అంది. చూద్దాం.

నా పని మీకు తెలుసు కదా, కాంట్రాక్టులు, కంపెనీ పేపర్లు, సేల్ డీడ్‌లు, సర్టిఫికెట్లు, ఇవి ఇంగ్లిష్ నుంచి ఫ్రెంచ్‌లోకి. కొత్తలో నేను చేసిన ఒక తప్పుతో మొదలుపెడతా. ఇక్కడి కంపెనీ ఒకటి, పేరెందుకులెండి, స్టాక్ మార్కెట్‌లో లిస్ట్ అయిన కంపెనీ, ఫ్రాన్స్‌లో ఎవరితోనో పార్ట్‌నర్‌షిప్ కోసం వాళ్ల ప్రొఫైల్ ఇచ్చారు. మొదటి లైన్‌లోనే మాది పబ్లిక్ కంపెనీ అని ఉంది. నేను ఏమాత్రం ఆలోచించకుండా ‘ఆంత్రప్రీజ్ ప్యూబ్లిక్’ అని కొట్టేశా. ఆంత్రప్రీజ్ అంటే సంస్థ, ప్యూబ్లిక్ అంటే పబ్లిక్, ఇంకేం కావాలి. మూడు రోజుల తర్వాత అవతలి నుంచి మెయిల్ వచ్చింది, మిమ్మల్ని ప్రభుత్వం ఎప్పుడు తీసుకుంది, మాకు చెప్పనేలేదే, అయితే మీ వైపు సంతకం మినిస్ట్రీ వాళ్లు పెడతారా అని. ఆ కంపెనీ మేనేజర్ నాకు ఫోన్ చేసి "ఏందమ్మా, మమ్మల్ని సర్కారోళ్లని చేసినవ్" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఫ్రెంచ్‌లో ఆంత్రప్రీజ్ ప్యూబ్లిక్ అంటే సర్కారీ సంస్థ, అంతే, వేరే అర్థం లేదు. లిస్ట్ అయిన కంపెనీని ‘సోసియేతే కోతే’ అంటారు, మార్కెట్‌లో రేటు పలికే కంపెనీ అన్నమాట. లిస్ట్ అయినా కాకపోయినా మన పబ్లిక్ లిమిటెడ్‌కి దగ్గరగా ఉండే చట్టరూపం ‘సోసియేతే అనోనీమ్’, ఎస్ఏ అని రాస్తారు. ఇది ఇంకో తలనొప్పి, ఎందుకంటే అనోనీమ్ అంటే పేరు లేనిది అని. ఒకాయనకి ఈ మాట వివరిస్తుంటే గొంతు తగ్గించి "అంటే బినామీయా మేడమ్" అని అడిగాడు! బినామీ కాదండీ బాబూ. 1807 నాటి ఫ్రెంచ్ కమర్షియల్ కోడ్‌లో ఈ రకం కంపెనీకి వాటాదారుల పేర్లు పెట్టకూడదన్నారు, ఫలానా అండ్ సన్స్ అని కాకుండా చేసే వ్యాపారాన్ని బట్టి పేరు పెట్టమన్నారు, అందుకని అనోనీమ్. సరదా ఏంటంటే మన చట్టంలో పబ్లిక్ కంపెనీ పెట్టాలంటే కనీసం 7 మంది ఉండాలి, ఫ్రాన్స్‌లో ఎస్ఏకి కూడా చాలాకాలం 7 మందే, 2015లో లిస్ట్ కాని వాటికి ఇద్దరు చాలన్నారు. ప్రైవేట్ లిమిటెడ్‌కి ఎస్ఏఆర్ఎల్ అని, అంటే ఫ్రాన్స్‌లో చిన్న కంపెనీలు ఎక్కువగా వాడే చట్టరూపం, రాసేవాళ్లు చాలామంది ఉన్నారు, నాకు నచ్చదు, అక్కడ 100 మంది సభ్యులు దాటకూడదు, మన దగ్గర 200, మిగతా రూల్స్ కూడా వేరు. కంపెనీ పేరులో ఉన్న ప్రైవేట్ లిమిటెడ్‌ని కదపొద్దు, అలాగే ఉంచి పక్కన ఒక ముక్క వివరణ రాయండి. కెనడా క్లయింట్ అయితే మాత్రం లెక్క వేరే. క్విబెక్ వాళ్లు లిస్ట్ అయినదాన్ని తెరిచిన కంపెనీ, కానిదాన్ని మూసిన కంపెనీ అంటారు, ‘సోసియేతే ఊవెర్త్’, ‘సోసియేతే ఫెర్మే’. ప్రభుత్వానిదైతే ‘సోసియేతే దేతా’. నాకైతే ఇదే బాగుంటుంది, కానీ పారిస్ వాళ్లకి ఇలా రాసి పంపితే మీ ట్రాన్స్‌లేటర్ మాంట్రియల్ మనిషా అంటారు.

ఇప్పుడు మన ఊరికి రండి. బీడీఎల్ ఉంది కదా, భారత్ డైనమిక్స్, 1970లో పెట్టింది, మిసైళ్లు చేస్తారు. అది పబ్లిక్ సెక్టార్. 2018 మార్చిలో ఐపీఓకి వచ్చింది, కాబట్టి లిస్టెడ్ అనే అర్థంలో కూడా పబ్లిక్. ఎలక్ట్రానిక్స్ చేసే ఈసీఐఎల్ కూడా పబ్లిక్ సెక్టారే గానీ లిస్ట్ కాలేదు, మొత్తం సర్కారుదే. ఇంగ్లిష్‌లో రెండింటినీ పబ్లిక్ అనేసి చేతులు దులుపుకోవచ్చు, ఫ్రెంచ్‌లో కుదరదు, బీడీఎల్‌కి ఆంత్రప్రీజ్ ప్యూబ్లిక్ అని, మళ్లీ కోతే అని, రెండు ముక్కలూ రాయాల్సిందే. నేనేం చేస్తానంటే అలాంటి మాట తగలగానే మనసులో తెలుగులో అడుగుతా, ఇది ఎవరిది? తర్వాత, దీన్ని ఎవరు వాడుకోవచ్చు? ఈ రెండూ వేరే వేరే ప్రశ్నలు, ఇంగ్లిష్ పబ్లిక్ రెండింటికీ ఒకే జవాబు చెప్పి తప్పించుకుంటుంది. తెలుగులో సర్కారుది అంటాం, అందరిదీ అంటాం, జనం కొనుక్కోవచ్చు అంటాం. ఆ మాట తేలాకే ఫ్రెంచ్ జోలికి వెళ్తా.

దీనికి నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ ఫ్రాన్స్ కరెంటు కంపెనీ ఈడీఎఫ్. 1946లో కరెంటు కంపెనీల్ని జాతీయం చేసి దాన్ని పెట్టారు. 2004లో దాన్ని ఎస్ఏగా మార్చారు, 2005లో వాటాలు కొన్ని మార్కెట్‌లో అమ్మారు. దీన్ని ఇంగ్లిష్‌లో ఎలా అంటారు? ఈడీఎఫ్ పబ్లిక్‌కి వెళ్లింది అంటారు. అంటే అప్పటిదాకా ప్రజలది కానట్టు! మళ్లీ ప్రభుత్వం మిగతా వాటాలన్నీ కొనేసి 2023 జూన్‌లో మార్కెట్ నుంచి తీసేసింది, నూటికి నూరు పాళ్లు సర్కారుది అయిపోయింది. లిస్టులోంచి బయటికి రావడాన్ని ఇంగ్లిష్ ఫైనాన్స్ భాషలో ప్రైవేట్‌కి వెళ్లడం అంటారు. అంటే జాతీయం చేస్తే ప్రైవేట్ అయింది, అమ్మితే పబ్లిక్ అయింది. ఇదెక్కడి గోలండీ. ఫ్రెంచ్ వాళ్లు ‘ఆంత్రోద్యుక్సియోఁ ఆఁ బూర్స్’ అంటారు, బజార్లోకి తేవడం, తీసేస్తే ‘రెత్రే ద లా కోత్’, లిస్టులోంచి తీసేయడం, అంతే. అందులో పబ్లిక్ లేదు, ప్రైవేట్ లేదు. ఈ ఒక్క విషయంలో ఫ్రెంచ్‌కి నేను మార్కులు వేస్తా.

స్కూళ్ల సంగతి త్వరగా చెప్పేస్తా, స్టూడెంట్ వీసా ఫైళ్లు చేసేవాళ్లు ఇక్కడ ఉన్నారు కాబట్టి. బేగంపేటలో హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ 1923లో జాగీర్దారుల పిల్లల కోసం జాగీర్దార్స్ కాలేజ్‌గా మొదలైంది, ఇప్పుడున్న పేరు 1951లో వచ్చింది. ఆ పబ్లిక్ ఇంగ్లండ్ పబ్లిక్, ఫీజు కట్టగలిగినవాళ్లు ఏ ఊరివాళ్లయినా చేరొచ్చు అనే అర్థంలో. గల్లీకో పబ్లిక్ స్కూల్ ఉంది మన దగ్గర, అన్నీ ప్రైవేటే. టీసీ మీద ఆ మాట చూసి ‘ఎకోల్ ప్యూబ్లిక్’ అని రాశారో, అక్కడ వాళ్లకి 1881 చట్టంతో ఫీజు తీసేసిన సర్కారు బడి కనపడుతుంది. స్కూల్ పేరు పేరులాగే వదిలేయండి. ఇంకోటి, ‘ఎకోల్ లీబ్ర్’ అంటే స్వేచ్ఛా బడి అనుకునేరు, ఫ్రాన్స్‌లో అది ప్రైవేట్ బడికి పాత పేరు, ఎక్కువగా క్యాథలిక్ బడులు.

ఇక భూములు. హైదరాబాద్ వాళ్లం, భూమి దగ్గరికి రాకుండా ఎలా ఉంటాం.

‘దొమేన్ ప్యూబ్లిక్’ అనే మాట మీరు కాపీరైట్‌లో విని ఉంటారు, రచయిత పోయాక మన దగ్గర 60 ఏళ్లకి, ఫ్రాన్స్‌లో 70 ఏళ్లకి పుస్తకం అందరిదీ అయిపోతుంది. కానీ ఫ్రెంచ్ రెవెన్యూ భాషలో అదే మాటకి ప్రభుత్వ భూమి అని అర్థం, అదీ అమ్మడానికి వీల్లేని భూమి, రోడ్డు, సముద్రపు ఒడ్డు లాంటివి. ఎన్నేళ్లు కబ్జాలో ఉన్నా మీది కాదు. రాజుగారి భూముల్ని అమ్మకూడదని 1566లో మూలాఁ శాసనంతో గట్టిగా రాసుకున్నారు, దాని వాసన ఇప్పటికీ ఉంది. సరే, ఇది అర్థమైంది. దీని పక్కనే ‘దొమేన్ ప్రివే’ అని ఇంకోటి ఉంది, చూడగానే ప్రైవేట్ వాళ్ల భూమి అనుకుంటాం కదా? కాదు! అది కూడా ప్రభుత్వానిదే. ప్రభుత్వం మామూలు ఓనర్‌లాగా దగ్గర పెట్టుకునే ఆస్తి, రూల్స్ ప్రకారం అమ్ముకోవచ్చు కూడా. పారిస్ దగ్గర ఫోంతెన్‌బ్లో అడవికి ఆదివారం వచ్చిందంటే జనం పిల్లాజెల్లాతో వెళ్తారు, చట్టం దృష్టిలో ఆ అడవి ప్రభుత్వ దొమేన్ ప్రివే. ఒక జూనియర్ దీన్ని ప్రైవేట్ ప్రాపర్టీ అని ఇంగ్లిష్‌లోకి తిప్పింది, నేను చెక్ చేయకపోతే వెళ్లిపోయేది.

ఇది ఫ్రెంచ్ వాళ్ల పిచ్చి అనుకోకండి. మన దగ్గర సర్ఫ్-ఎ-ఖాస్ లేదూ? నిజాం కాలంలో దివానీ భూముల ఆదాయం సర్కారు ఖజానాకి, సర్ఫ్-ఎ-ఖాస్ భూములది నిజాం సొంత ఖాతాకి. ఉన్నది ఒకే రాజు, జేబులు మాత్రం రెండు. 1949లో రెండూ కలిపేశారు గానీ సిటీ చుట్టుపక్కల పాత రికార్డుల్లో ఆ మాట ఇంకా తగులుతూనే ఉంటుంది, కోర్టు కేసుల్లో కూడా. ఆ మాట వస్తే నేను దొమేన్ ప్రివే అని రాయను, రాస్తే ఇప్పటి ఫ్రెంచ్ చట్టం మాటని నిజాం నెత్తిన పెట్టినట్టు అవుతుంది. సర్ఫ్-ఎ-ఖాస్ అనే రాసి, పాలకుడి సొంత ఎస్టేట్ అని వివరణ ఇస్తా. అసైన్డ్ భూమి మాత్రం హాయి, పేదవాళ్లకి ఇచ్చింది, అమ్మకూడదు అని 1977 చట్టం ఉంది, ‘ఇనాలియెనాబ్ల్’ అంటే వాళ్లకి టక్కున వెలుగుతుంది. స్థిరాస్తి, చరాస్తి కూడా అంతే. కదలనిది ‘ఇమ్మబ్ల్’, కదిలేది ‘మబ్ల్’, అచ్చం మన మాటలే. ఇంగ్లిష్ వాళ్లే మధ్యలో రియల్ ప్రాపర్టీ, పర్సనల్ ప్రాపర్టీ అని అడ్డం పడతారు. తెలుగు డాక్యుమెంట్ పక్కన ఉంటే నేను ఇంగ్లిష్ కాపీ ముట్టుకోను.

రోడ్ల గురించి ఒక్క మాట. మన ఔటర్ రింగ్ రోడ్డు 158 కిలోమీటర్లు, 2023లో 7,380 కోట్లకి 30 ఏళ్లకి ఒక ప్రైవేట్ కంపెనీకి టోల్ మీద ఇచ్చారు. అప్పట్లో టీ కొట్టు దగ్గర కూడా గొడవే, అమ్మేశారని కొందరు, లీజుకిచ్చారని కొందరు. ఫ్రాన్స్‌లో 2006లో సేమ్ సినిమా, హైవే కంపెనీల్లో ప్రభుత్వం వాటాలు అమ్మేస్తే జనం హైవేలు ప్రైవేట్ చేశారు అన్నారు, ఇప్పటికీ అంటారు. రోడ్లు మాత్రం ప్రభుత్వానివే, కంపెనీల చేతిలో ఉన్నది ‘కోఁసెస్సియోఁ’, అంటే గడువు దాకా నడిపి టోల్ వసూలు చేసుకునే హక్కు, పెద్ద రోడ్లలో ఎక్కువ వాటికి గడువు 2031, 2036 మధ్య అయిపోతుంది. ఇలాంటి పేపర్ వస్తే అమ్మకం అనే మాట మీ చేత్తో రాయకండి, ఎవరైనా అన్నారంటే వాళ్ల నోటి మాటగా రాయండి.

ఓనర్ దగ్గరికి వచ్చేశాం. ఇది మాయదారి మాట. ఇంటి ఓనర్ ‘ప్రోప్రియేతేర్’, ఓకే. కన్‌స్ట్రక్షన్ కాంట్రాక్టులో ఓనర్ వస్తే అలా రాయకూడదు, అక్కడ ‘మెత్ర్ దూవ్రాజ్’, అంటే పని చేయించుకునేవాడు. ఆఫీసులో ఈ టాస్క్ ఓనర్ ఎవరు అంటే బాధ్యత ఎవరిది అని. అందులో ఆస్తి ఎక్కడుంది? ఇంకా విచిత్రం, విదేశీ సాయం గురించి 2005లో పారిస్‌లో ఒక డిక్లరేషన్ చేశారు, దాంట్లో మొదటి సూత్రం ఇంగ్లిష్‌లో ఓనర్‌షిప్, ఫ్రెంచ్‌లో ‘అప్రోప్రియాసియోఁ’. ఆ మాట ఇంగ్లిష్ చెవికి ఎవడిదో లాగేసుకున్నట్టు వినపడుతుంది, ఫ్రెంచ్‌లో మాత్రం మనదనుకుని చేయడం.

చివరగా కార్ పార్కింగ్. నవ్వకండి, నేను ఎక్కువ టైమ్ పెట్టిన మాట ఇదే. కూకట్‌పల్లిలో ఒక ఫ్లాట్ సేల్ డీడ్, కొడుకు ఫ్రాన్స్‌లో లియోఁలో ఉంటాడు, అక్కడ బ్యాంక్‌కి కావాలంట. డీడ్‌లో యూడీఎస్ ఉంది, అన్‌డివైడెడ్ షేర్, అంటే అపార్ట్‌మెంట్ కింది భూమిలో విడదీయని వాటా, ఇన్ని గజాలు అని. డిక్షనరీ చూస్తే ‘ఆఁదివిజియోఁ’ అని వస్తుంది, కానీ అది తండ్రి పోయాక అన్నదమ్ములు పంచుకోకుండా ఉంచుకున్న ఆస్తి లాంటిది. అపార్ట్‌మెంట్‌కి వేరే ఏర్పాటు ఉంది వాళ్లకి, 1965 చట్టం, ‘కోప్రోప్రియేతే’ అంటారు, ఎవరి వాటా ఎంతో వెయ్యో వంతుల్లో లెక్క కడతారు. యూడీఎస్‌కి వాటా అనే అర్థంలో ‘కోత్-పార్’ అని రాసి గజాల లెక్క అలాగే ఉంచా. కింద ఇంకో లైన్, ఒక కార్ పార్కింగ్ కూడా అని. అది అమ్మారా, వాడుకోమన్నారా? డీడ్‌లో లేదు. ఫ్రెంచ్‌లో దీనికి ఒక మాట ఉంది, స్థలం అందరిదీ, వాడుకోవడం ఒక్కరిది, ‘పార్తీ కొమ్యూన్ ఆ జూయిసాఁస్ ప్రివతీవ్’. చూడగానే ప్రాణం లేచొచ్చింది. కానీ డీడ్‌లో లేనిది నేను ఎలా తేలుస్తా? అందుకని తేల్చకుండా ఉన్నది ఉన్నట్టు రాసి, కింద నోట్ పెట్టా. ఆ ఫ్లాట్ అంకుల్ ఫోన్ చేసి "అమ్మా, ఫ్రెంచ్‌లో చూస్తే పార్కింగ్ నాదేనా" అని అడిగారు. తెలుగులో చూసినా తెలీదు అంకుల్, బిల్డర్‌ని అడగండి అన్నా.

సరే, ఇంక మీరు అడగండి. నాలుగో వరసలో ఆయన ఇందాకట్నుంచి చెయ్యెత్తి ఉన్నారు, మైక్ అటు ఇవ్వండి.