ఆరో తరగతిలో తగాదా

(న్యూజెర్సీలో వారాంతపు తెలుగు బళ్ల టీచర్ల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లన్నీ చదవమని చీటీ ఇచ్చారు. వాళ్ల పేర్లు వెనకున్న బ్యానర్ మీద నా పేరు కంటే పెద్ద అక్షరాల్లోనే ఉన్నాయి కాబట్టి చీటీ మడిచి పర్సులో పెట్టేస్తున్నాను. ఏమీ అనుకోకండి, నాకిచ్చింది ఇరవై నిమిషాలే. నా తర్వాత కోలాటం ఉంది. కోలాటం ముందు ఉపన్యాసం ఎవరికి ఎక్కుతుందో నాకూ తెలుసు.

కార్యవర్గం వారు నాకిచ్చిన అంశం "యూదుల బళ్ల నుంచి మనం నేర్చుకోదగ్గ పది సూత్రాలు". పది లేవండి. నా దగ్గరున్నది ఒక తగాదా. అదే చెబుతాను.

నేను యూదురాలిని కాదు. మాది పొన్నూరు. ఇక్కడ ఒక యూదు డే స్కూల్లో ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు లెక్కలు చెబుతాను. చేరిన కొత్తలో మాది గుంటూరు జిల్లా అనగానే మా స్కూల్లో ఒక రబ్బీ గారు, అంటే యూదు మతగురువు, "చేబ్రోలు మీకెంత దూరం?" అని అడిగారు. నాకు మతి పోయింది. చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అని కొన్ని తెలుగు కుటుంబాలు యూదు ఆచారాలు పాటిస్తూ, సొంతంగా ప్రార్థనా మందిరం పెట్టుకుని ఉన్నాయట. మా ఊరి పక్క సంగతి నేను న్యూజెర్సీలో విన్నాను! సరే, అందులోకి దిగితే కోలాటం పిల్లలు కర్రలతో వస్తారు.

మా స్కూల్లో రోజు రెండు ముక్కలు. ఒక ముక్కలో హీబ్రూ, తోరా, ప్రవక్తల గ్రంథాలు, మిష్నా, ప్రార్థన. రెండో ముక్కలో లెక్కలు, సైన్సు, ఇంగ్లీషు, చరిత్ర. తోరా అంటే మీలో బైబిల్ చదివినవాళ్లకు తెలిసిన మొదటి అయిదు కాండాలే. మిష్నా అంటే నోటి మాటగా వస్తున్న ధర్మశాస్త్రాన్ని దాదాపు క్రీ.శ. 200లో రబ్బీ యెహూదా హనసి కూర్చిన సంకలనం. దాని మీద తర్వాతి తరాలవాళ్లు చేసిన వాదోపవాదాలు కూడా కలిస్తే తల్మూద్. బాబిలోనియా తల్మూద్ ఇప్పుడు వాడుకలో ఉన్న అచ్చులో 2,711 ఆకులు, ఆకుకి రెండు వైపులా. మధ్యలో మూలం, ఒక పక్క రషీ వ్యాఖ్యానం, ఇంకో పక్క రషీతో పేచీ పెట్టుకున్న ఆయన మనవల, శిష్యుల వ్యాఖ్యానం. రషీ 11వ శతాబ్దపు ఫ్రాన్సు పండితుడు. సొంత మనవలే తాతగారిని కాదన్నారు, ఆ కాదనడం కూడా అదే పేజీలో అచ్చయింది. ఇది గుర్తుపెట్టుకోండి.

ఏ వయసుకు ఏది చెప్పాలో మిష్నాలోనే ఒకచోట ఉంది. అయిదేళ్లకు లేఖనాలు, పదేళ్లకు మిష్నా, పదమూడేళ్లకు ఆజ్ఞల బాధ్యత, పదిహేనేళ్లకు తల్మూద్. పదికీ పదిహేనుకీ మధ్య ఏముందో ఇంట్లో పిల్లలున్న మీకు నేను చెప్పాలా? ప్రతి మాటకీ ఎదురు చెప్పే వయసు. మనం "నోర్మూసుకుని అన్నం తిను" అనే వయసు. ఆ వయసు పిల్లల చేతిలో వీళ్లు పెట్టేది నీతి కథల పుస్తకం అనుకుంటున్నారా? ఆస్తి తగాదాలండీ!

ఖాళీ పీరియడ్ దొరికితే వెళ్లి ఏడో తరగతి వెనక బెంచీలో కూర్చునేదాన్ని. ఒకరోజు పాఠం బావా మెత్సియా అనే భాగంలో మొట్టమొదటి తగాదా. ఇద్దరు ఒకే వస్త్రాన్ని చెరో పక్కా పట్టుకుని వచ్చారు. "నాకు దొరికింది, మొత్తం నాదే" అంటాడు ఒకడు. "నాకు దొరికింది, మొత్తం నాదే" అంటాడు రెండోవాడు. మిష్నా తీర్పు ఏమిటంటే, ఇద్దరి చేతా ఒట్టు వేయించి చెరి సగం ఇవ్వమని. ఆ ఒట్టు చిత్రంగా ఉంటుంది. "ఇందులో నా వాటా సగానికి తక్కువ లేదు."

పిల్లలు జంటలుగా కూర్చుంటారు. హవ్రూతా అంటారు ఆ జంటని. ఒకరు చదవాలి, రెండోవాళ్లు అడ్డం పడాలి. గది గదంతా చేపల మార్కెట్టే. నా ముందు బెంచీలో పళ్లకు క్లిప్పులున్న ఒక పాప, పెన్సిల్ చివర నములుతూ, "ఇద్దరూ మొత్తం నాదే అన్నారుగా, మరి ఒట్టు సగం మీద ఎందుకు?" అంది. పక్కవాడు కాసేపు ఆలోచించి, "మొత్తం నాదే అని ఇద్దరూ ఒట్టేస్తే ఒకడిది కచ్చితంగా దొంగ ఒట్టు. సగానికి తక్కువ లేదు అంటే ఇద్దరిదీ నిజమే కావచ్చు, ఒకేసారి చూసి ఒకేసారి పట్టుకుంటే" అన్నాడు. పాప ఊరుకుంటుందా? "ఒకడు మోసగాడే అనుకో. వాడికి సగం ఫ్రీగా వచ్చిందిగా! వాడికి పోయిందేముంది?"

అక్కడ నేనే టీచర్ని అయితే "టైమ్ అయిపోయింది, తర్వాత చూద్దాం" అనేదాన్ని. ఆ రబ్బీ గారు ఏం చేశారో తెలుసా? జవాబు చెప్పలేదు. "రబ్బీ యోసే ఇంకో తగాదాలో ఇదే అడిగాడు, పేజీ తిప్పండి" అన్నారు. తిప్పితే నిజంగానే ఉంది, "అలాగైతే మోసగాడికి నష్టమేముంది?" అని. రెండో శతాబ్దం మనిషి. ఆయన సలహా ఏమిటంటే, ఏలీయా ప్రవక్త వచ్చి తేల్చేదాకా, అంటే ఎప్పటికో, సొమ్ము ఎవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టమని. ఆ పాప పుస్తకం వంక చూడటం నేను చూశాను. తన మాట అచ్చులో ఉంది, అదీ అంత పాత పుస్తకంలో. ఆ రోజు నా పీరియడ్‌లో ఆ పిల్ల భిన్నాల మీద కూడా పోట్లాడింది.

ఇప్పుడు మీకు ఒక ప్రశ్న. వెనక కాఫీ కప్పులతో నిలబడ్డవాళ్లు కూడా చెప్పాలి. అదే వస్త్రం. ఒకడు "మొత్తం నాదే" అన్నాడు, రెండోవాడు "సగం నాది" అన్నాడు. ఎలా పంచుతారు? ... మూడింట రెండు, మూడింట ఒకటా? అందరూ అదే అంటారు. మిష్నా మూడొంతులు, ఒక వంతు అంటుంది. ఎందుకంటే సగం అడిగినవాడు మిగతా సగం వదులుకున్నట్టే కదా. తగాదా ఉన్నది ఒక్క సగం మీదే. దాన్నే చెరి సగం చెయ్యాలి.

లెక్కల దాన్ని, ఇక్కడ ఆగలేను. ఇది టాపిక్‌లో లేదని అధ్యక్షుల వారు గడియారం చూస్తున్నారు, చూడనివ్వండి. కేతుబోత్ అనే ఇంకో భాగంలో ఒకాయన చనిపోయాడు. ముగ్గురు భార్యలు. పెళ్లి పత్రాల ప్రకారం ఒకరికి 100, ఒకరికి 200, ఒకరికి 300 రావాలి. ఆస్తి చాలదు. ఆస్తి 100 అయితే ముగ్గురికీ సమానం అంటుంది మిష్నా. 300 అయితే 50, 100, 150. ఇది దామాషా, సరే. మరి 200 అయితే? 50, 75, 75! ఇదేం లెక్క? శతాబ్దాల పాటు వ్యాఖ్యాతలు తలలు పట్టుకున్నారు. 1985లో రాబర్ట్ ఆమన్, మైకేల్ మాష్లర్ అనే ఇద్దరు గణిత పండితులు చిక్కు విప్పారు. ఆమన్‌కు తర్వాత 2005లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. తాళంచెవి మన వస్త్రం తగాదాలోనే ఉంది. మొదటి ఇద్దరి వాటాలు కలపండి, 50, 75, మొత్తం 125. మొదటావిడ అడిగేది 100, అంటే 25 వదులుకుంది. అది రెండో ఆవిడది. మిగిలిన వంద చెరి సగం. 50, 75. వచ్చిందా? ఏ ఇద్దర్ని తీసుకున్నా ఇలాగే వస్తుంది. ఎనిమిదో తరగతి బోర్డు మీద ఇది చేసినప్పుడు గంట కొట్టినా ఎవరూ లేవలేదు. నా సర్వీసులో అలా ఎక్కువసార్లు జరగలేదండి.

ఇంత చెప్పానని వాళ్లను నెత్తిన పెట్టుకోకండి. మన జబ్బు వాళ్లకూ ఉంది. అమెరికాలో యూదు పిల్లల్లో చాలామంది డే స్కూళ్లకు వెళ్లరు. మన బడిలాగే ఆదివారాలో, బడి వదిలాక సాయంత్రాలో ప్రార్థనా మందిరంలో నడిచే క్లాసులకు వెళతారు. అక్కడ ఆరు, ఏడు తరగతుల్ని బార్ మిత్స్వా అనే వేడుక మింగేస్తుంది. పదమూడేళ్ల పిల్లాడు తోరా చుట్టలోంచి తన భాగం రాగంతో చదవాలి. ఆ చుట్టలో అన్నీ హల్లులే, అచ్చుల గుర్తులుండవు, రాగం గుర్తులుండవు. రికార్డింగు పెట్టుకుని నెలల తరబడి బట్టీ. ఆడపిల్లలకు ఈ వేడుక అమెరికాలో 1922లో న్యూయార్క్‌లో జూడిత్ కాప్లాన్‌తో మొదలైంది, ఆమె తండ్రి రబ్బీ. ఆనాడు అది పెద్ద సాహసం. ఇప్పుడు హాలు, డీజే, ఫొటో బూత్. పార్టీ అయిన మరుసటి వారం నుంచి చాలామంది క్లాసుకి రారు. అలాంటి పార్టీలో ఒక అబ్బాయిని అడిగాను, "బాగా చదివావు నాన్నా, అందులో ఏముంది?" అని. కేకు తింటూ "అది నా ట్యూటర్ చెప్పలేదు" అన్నాడు.

నవ్వుతున్నారు. మన వార్షికోత్సవంలో మనం చేసేది ఏమిటి? జనవరి నుంచి మే దాకా రిహార్సళ్లు. ఏడో తరగతి అబ్బాయి భాగవత పద్యం రాగయుక్తంగా పాడతాడు, అమ్మమ్మ ఇండియాలో వాట్సాప్‌లో చూసి ఏడుస్తుంది, సెప్టెంబరులో వాడు బడికి రాడు. ఒకటో తరగతికి గది చాలదు, ఏడో తరగతికి కుర్చీలు ఖాళీ. పిల్లలకు ఇంట్రెస్ట్ లేదని మీటింగుల్లో మనమే తీర్మానిస్తాం.

వాళ్లకు పోట్లాడుకోవడానికి మనం ఏమిచ్చాం? మన దగ్గర లేవా? బేతాళుడు ప్రతి కథ చివరా తీర్పు అడుగుతాడు, మనం ప్రశ్న, జవాబు కలిపి ఒకే వర్క్‌షీట్‌లో ఇచ్చేస్తాం. ద్రౌపది నిండు సభలో అడిగింది, ముందు తనను తాను ఓడిపోయినవాడికి నన్ను పణంగా పెట్టే హక్కు ఉందా అని. భీష్ముడంతటివాడు తేల్చలేకపోయాడు. ఆరో తరగతి పిల్లలకు అంతకంటే మంచి పాఠం ఉందా? మనం ద్రౌపది చీర కొన్నాం, ప్రశ్న వదిలేశాం. పోయినేడు ఆ చీరకి అయిన ఖర్చు నాకు తెలుసు, ఇక్కడ చెప్పను.

ఇంకోటి, కోపంగానే చెబుతాను. తల్మూద్‌లో ఒక టీచర్‌కి ఎంతమంది పిల్లలుండాలో కూడా ఉంది. ఇరవై అయిదు మంది. నలభై అయితే సహాయకుణ్ణి పెట్టాలి, యాభై అయితే ఇద్దరు టీచర్లు, ఖర్చు ఊరిది. ఈ ఊళ్లో ఒక బడిలో నాకు ఒక ఏడాది రెండు తరగతులు కలిపి ఒకే గదిలో ఇచ్చారు. సహాయకుణ్ణి అడిగితే "సేవ కదా మేడమ్" అన్నారు. అంత గుంపులో హవ్రూతా ఎక్కడ కుదురుతుంది? వరసగా నిలబెట్టి అ ఆ ఇ ఈ పాడించడమే కుదురుతుంది.

హోలోకాస్ట్ గురించి, అంటే నాజీలు యూదుల్ని లక్షల్లో చంపిన దాని గురించి, చెప్పలేదేమని ఒకరు చీటీ పంపారు. చెబుతారండి. న్యూజెర్సీలో 1994 నుంచి అన్ని ప్రభుత్వ బళ్లలోనూ ఆ పాఠం చట్టప్రకారం తప్పనిసరి. వాషింగ్టన్ హోలోకాస్ట్ మ్యూజియం ప్రధాన ప్రదర్శనకు ఆరో తరగతి నుంచి తీసుకురమ్మంటుంది. పిల్లల్ని ఖైదీలుగా, కాపలావాళ్లుగా నటింపజేసే ఆటలు పెట్టొద్దని టీచర్లకు గట్టిగా చెబుతుంది. నాకు కొట్టొచ్చినట్టు కనిపించింది వేరే ఉంది. బయటి బళ్లలో పిల్లలకు యూదులంటే చనిపోయినవాళ్లుగానే తెలుసు. మా స్కూల్లో పిల్లలకు యూదులంటే దారిలో దొరికిన డబ్బుల సంచీ గురించి ఇంకా పోట్లాడుకుంటున్నవాళ్లు. సంచీలో ఉంటే చాటింపు వేయాలి, విడిగా చెదిరి ఉంటే దొరికినవాడివే. ఎందుకో మీరే చెప్పుకోండి, నాకు ఇక రెండు నిమిషాలే ఉన్నాయి.

కార్యవర్గానికి నా విన్నపం రాసి తెచ్చాను, చదివేస్తాను. వచ్చే వార్షికోత్సవంలో ఆరు నుంచి ఎనిమిది తరగతులకు డాన్సు ఐటెం వద్దు. ఆ సమయంలో వాళ్లకు ఒక గది, ద్రౌపది ప్రశ్న ఉన్న రెండు పేజీలు తేలిక తెలుగులో, ఇద్దరికి ఒక కాపీ చొప్పున ఇవ్వండి. తలుపు తీసి ఉంచండి, తల్లిదండ్రులు గుమ్మంలో నిలబడి వినొచ్చు, మధ్యలో అందించకూడదు. ఇందుకు ఒప్పుకోనివాళ్లు ఎవరైనా ఉంటే నేను భోజనాల దగ్గర పులిహోర పక్క టేబుల్లో ఉంటాను, వచ్చి పోట్లాడండి.