పగిలిందా, పగలగొట్టారా?

శ్రోతలకు నమస్కారం.

ఇంట్లో గ్లాసు చేజారితే పిల్లవాడు "పగిలిపోయింది" అంటాడు గాని "పగలగొట్టాను" అనడు. పోవడం, పోగొట్టడం, చెడడం, చెడగొట్టడం, ఇలాంటి జంటలు తెలుగులో కొల్లలు. మొదటి మాటలో వస్తువు మాత్రమే కనిపిస్తుంది, రెండో మాటలో ఆ పని చేసిన మనిషి కూడా కనిపిస్తాడు. చెన్నైలో మనం రోజూ వినే తమిళంలోనూ 'ఉడైందదు', 'ఉడైత్తేన్' అనే మాటలకు ఇదే తేడా ఉంది కనుక, ఆరోపణ ఎదురైన నాయకుడు ఏ క్రియను ఎంచుకున్నాడో పట్టుకోవడం రెండు భాషల్లో వార్తలు వినే మనకు కష్టం కాదు.

"కొన్ని పొరపాట్లు జరిగాయి" అన్నప్పుడు తప్పు ఒప్పుకున్నట్టే వినిపిస్తుంది, కాని ఆ వాక్యంలో ఎవరూ ఉండరు. ఆపైన 'మేము' అనవలసిన చోట 'మనం' వచ్చి చేరుతుంది. "మనం ఇంకా జాగ్రత్తపడి ఉండవలసింది" అన్న క్షణంలో, ఆ నిర్ణయం వల్ల నష్టపోయినవారు కూడా దానిలో భాగస్వాములైపోతారు. అయినవాళ్లను కలుపుకోవడానికి మన భాష దాచి ఉంచిన మాటను ఇలా వాడడం నాకు అన్నిటికంటే బాధ కలిగిస్తుంది.

"చట్టం తన పని తాను చేసుకుపోతుంది" అనే జవాబు ప్రతిసారీ తప్పించుకోవడమే అనడం న్యాయం కాదు. కోర్టులో ఉన్న విషయంపై సంయమనం పాటించవలసిన సందర్భాలు నిజంగానే ఉన్నాయి. అయితే ఫైలు మీద సంతకం మీదేనా అని అడిగితే గత ప్రభుత్వం చేసిన తప్పులు ఏకరువు పెట్టడం ఏ విధంగానూ జవాబు కాదు. లోక్‌సభలో "సమాచారం సేకరిస్తున్నాము" అని మంత్రి చెబితే, దానిని హామీగా లెక్కించి మూడు నెలల్లో నెరవేర్చమంటారు. 1953 నుంచి ఇందుకోసం ప్రభుత్వ హామీల కమిటీ ఉంది.

మన ఆళ్వార్‌పేట వైపు వెళ్లే టి.టి.కె. రోడ్డుకు పేరిచ్చిన టి.టి. కృష్ణమాచారి ఆర్థికమంత్రిగా ఉన్నప్పుడు, 1957లో, ప్రభుత్వ జీవిత బీమా సంస్థ హరిదాస్ ముంద్రా అనే వ్యాపారికి చెందిన ఆరు కంపెనీలలో సుమారు 1.24 కోట్ల రూపాయలు పెట్టింది. ఆ ఏడాది డిసెంబరులో ఫిరోజ్ గాంధీ, తాను అధికారపక్ష సభ్యుడై ఉండి కూడా, లోక్‌సభలో దానిని వివరాలతో సహా నిలదీశారు. న్యాయమూర్తి ఎం.సి. చాగ్లా బొంబాయిలో బహిరంగంగా జరిపిన విచారణలో, ఆ లావాదేవీకి తాను ఆమోదం ఇవ్వలేదని మంత్రి, ఆయనకు తెలిసే జరిగిందని ఆర్థికశాఖ కార్యదర్శి చెప్పారు. ఇద్దరి మాటలూ విన్న చాగ్లా, కార్యదర్శి చేసిన పనికి రాజ్యాంగరీత్యా మంత్రే బాధ్యుడని తేల్చారు. విచారణ మొదలై నివేదిక రావడానికి నెల రోజులు కూడా పట్టలేదు. 1958 ఫిబ్రవరిలోనే కృష్ణమాచారి రాజీనామా చేశారు.