కరెంటు పోయాక టీమక్స్ సెషన్లు తిరిగి రావట్లేదా?

[తెర మీద: టెర్మినల్, అడుగున ఆకుపచ్చ పట్టీ, ఒకే ఒక్క ఖాళీ విండో]

నమస్తే అండి. ఎండాకాలం సాయంత్రం గుంటూరులో గాలిదుమారం లేచిందంటే కరెంటు పోయినట్టే లెక్క. ల్యాప్‌టాప్ వాళ్లకి పెద్ద టెన్షన్ లేదు. యూపీఎస్ లేని డెస్క్‌టాప్ మీద పనిచేసే మా తమ్ముడి లాంటి వాళ్లకే తిప్పలు. టీమక్స్ అంటే ఒకే టెర్మినల్‌లో చాలా విండోలు నడుపుకునే ప్రోగ్రామ్; అలా కలిపి తెరిచిన విండోల గుంపే సెషన్. మొన్న కరెంటు వచ్చాక సిస్టమ్ ఆన్ చేసి టీమక్స్ తెరిస్తే ఇదిగో, ఈ ఖాళీ విండో కనిపించింది. వెంటనే ఫోన్: "అన్నా, వాటంతట అవే తిరిగొస్తాయన్నావుగా, ఏవీ?"

నిజానికి టీమక్స్ మీ సెషన్లని ఎక్కడా దాచదు. అవన్నీ వెనకాల నడిచే సర్వర్ ప్రాసెస్‌లో, మెమరీలో ఉంటాయి. టెర్మినల్ మూసేసినా బతికే ఉంటాయి కానీ, మెషీన్ ఆగిపోతే సర్వర్‌తో పాటే పోతాయి. వాటిని డిస్క్ మీద రాసిపెట్టేది రిసరెక్ట్ అనే ప్లగిన్. దాని చేత మన ప్రమేయం లేకుండా పని చేయించేది కంటిన్యూమ్ అనే ఇంకో ప్లగిన్. మామూలుగా 15 నిమిషాలకోసారి సేవ్ చేయిస్తుంది.

అందుకే ముందు తేల్చుకోవాల్సింది ఒకటే. అసలు సేవే కాలేదా, సేవ్ అయినా తిరిగి రాలేదా? చాలామంది ఇది చూడకుండా ప్లగిన్లు పీకి మళ్లీ పెడుతుంటారు. దానివల్ల టైమ్ దండగ తప్ప ఒరిగేదేమీ లేదు.

[తెర మీద: ఫోల్డర్‌లోని ఫైళ్లు, సైజులతో సహా]

హోమ్ ఫోల్డర్‌లో డాట్ టీమక్స్ లోపల రిసరెక్ట్ అనే ఫోల్డర్ ఉందేమో చూడండి. అక్కడ లేకపోతే డాట్ లోకల్, షేర్, టీమక్స్ దారిలో వెళ్లండి. పేర్లలో తేదీ, టైమ్ ఉన్న ఫైళ్లు వరసగా కనిపిస్తాయి. వాటితోపాటు లాస్ట్ అనే లింక్ ఒకటి ఉంటుంది. రీస్టోర్ చేసేటప్పుడు ప్లగిన్ చూసేది ఆ లింక్‌నే.

ఒక ఫైల్ తెరుద్దాం. పేన్ (అంటే విండోని విడగొట్టిన ఒక్కో ముక్క) అని మొదలయ్యే లైన్లు, విండో అని మొదలయ్యే లైన్లు, చివర స్టేట్ అని ఒక లైను. బ్రాడీపేటలో 4/14 అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు అని ఆటో అతను ఇంకో మాట అడగకుండా తీసుకెళ్లిపోతాడు కదా. ఇక్కడా అంతే: సెషన్ పేరు, విండో నంబరు, పేన్ నంబరు. ఆ పేన్ ఏ ఫోల్డర్‌లో ఉంది, అందులో ఏం నడుస్తోంది అన్నవి కూడా అదే లైన్లో ఉంటాయి.

ఫైళ్లన్నీ పాతవైతే సేవింగ్ ఆగిందని అనుమానించాలి. కంగారు మాత్రం పడకండి. మీ విండోల్లో ఏమీ మారకపోతే కొత్త ఫైల్‌ని రిసరెక్టే తీసేస్తుంది. ఒక కొత్త విండో తెరిచి, పావుగంట ఆగి చూడండి. అప్పటికీ ఫైల్ రాలేదంటే నా అనుమానం మొదట థీమ్ మీదకే, అంటే టీమక్స్ రూపాన్ని మార్చే ప్లగిన్ మీదకే పోతుంది. ఎందుకంటే కంటిన్యూమ్‌కి సొంత గడియారం లేదు. స్టేటస్ లైన్, అంటే అడుగున ఉండే ఆ పట్టీ, కుడివైపు భాగంలో తన స్క్రిప్ట్‌ని చొప్పించుకుంటుంది. ఆ పట్టీ రిఫ్రెష్ అయినప్పుడల్లా టైమ్ అయిందా లేదా అని చూసుకుంటుంది. దాని తర్వాత లోడ్ అయ్యే థీమ్ ఆ కుడి భాగాన్ని తిరగరాసిందా, సేవింగ్ చప్పుడు లేకుండా ఆగిపోతుంది. ఎర్రర్ కూడా రాదు! కన్ఫిగ్ ఫైల్లో ప్లగిన్ల వరసలో కంటిన్యూమ్‌ని అన్నిటికన్నా చివర పెట్టండి. అందం కోసం స్టేటస్ లైన్ ఆపేసిన వాళ్లకీ సేవ్ కాదు.

ఫైల్ తాజాగానే ఉంది, కానీ సెషన్లు రాలేదు. అప్పుడు ప్రిఫిక్స్, అంటే టీమక్స్ కమాండ్లకి ముందు నొక్కే కీ (మార్చకపోతే కంట్రోల్ బీ), నొక్కి తర్వాత కంట్రోల్ ఆర్ కొట్టండి. వచ్చేశాయా? అయితే రిసరెక్ట్ బాగానే ఉంది, లోపం కంటిన్యూమ్ వైపు ఉంది. ఆటో రీస్టోర్ డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంటుంది, కన్ఫిగ్‌లో మనమే ఆన్ చేయాలి. ఆన్ చేసినా సర్వర్ కొత్తగా మొదలైనప్పుడే పనిచేస్తుంది. కన్ఫిగ్ రీలోడ్ చేసి "ఏదీ, రాలేదే" అంటే రాదు. వేరే టీమక్స్ సర్వర్ అప్పటికే నడుస్తున్నా కంటిన్యూమ్ చేతులు కట్టుకుని కూర్చుంటుంది.

[తెర మీద: సున్నా సైజున్న ఫైల్ దగ్గరగా]

ఇక మా తమ్ముడి కేసు. సరిగ్గా సేవ్ అవుతున్న క్షణంలోనే కరెంటు పోయింది. ఫైల్ పుట్టింది, లోపల ఏమీ లేదు: సున్నా బైట్లు. లాస్ట్ లింక్ దాన్నే చూపిస్తోంది. దానికి ముందు సేవ్ అయిన, సైజు ఉన్న ఫైల్‌కి ఆ లింక్‌ని మళ్లించి, ప్రిఫిక్స్ తర్వాత కంట్రోల్ ఆర్ కొట్టించాను. విండోలన్నీ వచ్చాయి. ఈ పని పావుగంటలోపు చేసేయండి. లేదంటే ఖాళీ విండోనే కొత్తగా సేవ్ అయి, లింక్ దానివైపు తిరుగుతుంది. పాత ఫైళ్లు వెంటనే పోవు కానీ, వెతుక్కోవాల్సి వస్తుంది.

విండోలు వచ్చినా వాడు నడుపుతున్న పైథాన్ సర్వర్ మాత్రం రాలేదు. అది లోపం కాదండి. విమ్, లెస్, టెయిల్, టాప్ లాంటి కొన్నిటినే రిసరెక్ట్ తిరిగి నడుపుతుంది. మిగతావి కావాలంటే ప్రాసెస్‌ల ఆప్షన్‌లో పేర్లు రాసుకోవాలి. అన్నిటినీ రాసేయకండి. డేటాబేస్‌లో ఏదైనా చెరిపేసే కమాండ్ నడుస్తుండగా కరెంటు పోయిందనుకోండి, అది మళ్లీ దానంతట అదే మొదలవ్వడం మీకూ ఇష్టం ఉండదు.