సీబీసీ కాగితంలో ఎవరూ చూడని వరుసలు

శ్రోతలకు నమస్కారం.

ఏ జబ్బుతో ఆస్పత్రికి వెళ్లినా ముందుగా రాసే రక్తపరీక్ష సీబీసీ. కాగితం చేతికి రాగానే హిమోగ్లోబిన్ ఎంతుంది, ప్లేట్‌లెట్లు ఎన్ని అని చూసుకుని మడిచి పెట్టేస్తాం. మనం వదిలేసే మిగతా అంకెలు ఒక ప్రాణాంతకమైన జబ్బులో ఏం చెబుతాయో ఈ పూట చూద్దాం.

గుండెకు రక్తం అందకపోతే హార్ట్ ఎటాక్ అంటాం. పేగుకూ అలాంటి గతి పట్టొచ్చని చాలామందికి తెలియదు. గుండె లయ తప్పి కొట్టుకునేవారిలో లోపల గడ్డకట్టిన రక్తం ముక్కగా జారి, చిన్నపేగుకు వెళ్లే ధమనిలో అడ్డుపడుతుంది. కొందరిలో కొవ్వు పేరుకుని ఇరుకైన ధమని ఉన్నట్టుండి మూసుకుపోతుంది. కొన్ని గంటల్లోనే పేగు గోడ చచ్చుబడటం మొదలవుతుంది. ఇలా హఠాత్తుగా వచ్చినప్పుడు చికిత్స అందినా దాదాపు సగం మంది, ఆలస్యమైతే అంతకంటే ఎక్కువమంది చనిపోతారు.

మోసమంతా మొదట్లోనే. రోగి నొప్పితో మెలికలు తిరిగిపోతుంటాడు, డాక్టరు పొట్ట నొక్కితే మెత్తగానే ఉంటుంది. గ్యాస్ అనుకుని ఊరుకునే ప్రమాదం ఇక్కడే ఉంది.

ఇక అంకెల సంగతి. తెల్లకణాల్లో న్యూట్రోఫిల్స్, లింఫోసైట్లు అని రెండు ముఖ్యమైన రకాలున్నాయి. పేగు దెబ్బతినగానే ఎముక మజ్జ న్యూట్రోఫిల్స్‌ని గబగబా రక్తంలోకి వదులుతుంది. అదే సమయంలో ఒంట్లో పెరిగే కార్టిసాల్ వల్ల లింఫోసైట్లు తగ్గుతాయి. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో న్యూట్రోఫిల్స్ 60 శాతం, లింఫోసైట్లు 30 శాతం ఉన్నాయనుకోండి, మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చే నిష్పత్తి 2. జబ్బు ముదిరినవాళ్లలో 88, 8 అయ్యాయనుకోండి, నిష్పత్తి ఒక్కసారిగా 11. కాగితం మీదే చేసుకోగల భాగాహారం ఇది, పైసా ఖర్చు లేదు. ఈ నిష్పత్తి బాగా పెరిగిన రోగుల్లో మరణాలు ఎక్కువగా ఉన్నట్టు చాలా పరిశీలనల్లో తేలింది.

ఆర్‌డీడబ్ల్యూ అని ఇంకో వరుస ఉంటుంది. ఎర్రకణాల సైజుల్లో ఎంత తేడా ఉందో చెప్పే అంకె. మామూలుగా 11.5 నుంచి 14.5 శాతం మధ్య ఉంటుంది. రక్తహీనతను గుర్తుపట్టడానికి వాడేదే, కానీ దీర్ఘకాలంగా ఒంటి లోపల వాపు (ఇన్‌ఫ్లమేషన్), పోషకాహార లోపం ఉన్నవారిలోనూ పెరుగుతుంది. అంటే జబ్బు పడకముందే ఆ ఒంట్లో సత్తువ ఎంత మిగిలి ఉందో కొంత చెబుతుందన్నమాట. ప్లేట్‌లెట్లను లింఫోసైట్లతో భాగించే లెక్క కూడా ఉంది గానీ, నాకు దాని మీద అంత గురి లేదు.

ఇక్కడో మాట గట్టిగా చెప్పాలి. ఈ పరిశీలనలు ఎక్కువగా ఒకే ఆస్పత్రిలో, తక్కువమంది రోగుల పాత రికార్డులు తిరగేసి చేసినవి. ప్రమాద గీత ఎక్కడ గీయాలో ఒక్కొక్కరు ఒక్కో అంకె చెబుతారు. పైగా న్యుమోనియా వచ్చినా, అపెండిసైటిస్ వచ్చినా, ఆఖరికి స్టెరాయిడ్ మాత్రలు వేసుకున్నా ఆ నిష్పత్తి పెరుగుతుంది. కాబట్టి పేగుకు రక్తం ఆగిందో లేదో సీబీసీ చెప్పలేదు, అంకెలు మామూలుగా ఉన్నాయని ధీమాగా ఉండటానికీ లేదు. తేల్చేది రక్తనాళాలు కనిపించేలా మందు ఎక్కించి తీసే సీటీ యాంజియోగ్రామ్. అనుమానం వస్తే రక్తపరీక్ష రిపోర్టు కోసం దాన్ని ఆపకూడదు. నా దృష్టిలో ఈ అంకెలు పనికొచ్చేది జబ్బు తేలాక: ఎవర్ని ఐసీయూలో మరింత కనిపెట్టుకుని ఉండాలి, ఇంటివాళ్లకు పరిస్థితి ఎంత గట్టిగా చెప్పాలి అన్న విషయాల్లో.

అందుకని ఇంట్లో ఎవరికైనా హఠాత్తుగా భరించలేని కడుపునొప్పి వస్తే, భాగాహారాలు చేస్తూ కూర్చోకండి. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లి, అడగకపోయినా డాక్టరుకు ఈ రెండు చెప్పండి: రోగికి గుండె లయ తప్పే జబ్బుందా, రక్తం పలచబడే మాత్ర వాడుతూ ఈమధ్య మానేశారా.