కుళాయి రాని రోజు ఎవర్ని అడగాలి? (ఒంగోలు కబుర్లు)

తమ్ముడు: అందరికీ నమస్కారం. పదేళ్లు బెంగళూరులో ఉండి, పోయిన నెలే ఒంగోలు వచ్చి అద్దెకు దిగాను. రెండో రోజు పొద్దున్నే కుళాయి తిప్పితే బుస్సుమని గాలి తప్ప చుక్క రాలేదు. అందుకే ఇవాళ మా అక్కని కూర్చోబెట్టాను, ఈ ఊళ్లో ఏ పనికి ఎవర్ని పట్టుకోవాలో ఆవిడకి బాగా తెలుసు.

అక్క: ఇల్లు చూసేటప్పుడు టైల్స్ చూశావు, బాల్కనీ చూశావు, సంపు ఎంత ఉందో అడిగావా? ఇక్కడ కుళాయి రోజూ రాదురా. మీ వీధికి ఏ రోజు, ఎన్ని గంటలకి అనేది వాల్వు తిప్పే అతనికి తెలుస్తుంది, ముందు అతని నంబరు సంపాదించు.

తమ్ముడు: రోజూ ఎందుకివ్వరక్కా?

అక్క: మనకొచ్చేవి కృష్ణా నీళ్లు. నాగార్జునసాగర్ కుడి కాలవలో పల్నాడు, గుంటూరు పొలాలన్నీ దాటుకుని రావాలి, మనమేమో కాలవకి ఆ చివర్న ఉన్నాం. నీళ్లు వదిలినప్పుడు సమ్మర్ స్టోరేజి ట్యాంకులు నింపుకుంటారు, కాలవ కట్టేశాక మళ్లీ వదిలేదాకా ఊరంతా ఆ నిల్వతోనే నెట్టుకురావాలి. ఎండాకాలం ఇక్కడ ఇద్దరు కలిస్తే ట్యాంకులో ఎన్ని అడుగులున్నాయనే మాట రాకుండా ఉండదు. ఇంకోటి, కుళాయి పైపుకి నేరుగా మోటారు బిగించకు. చాలామంది చేస్తారు, అది తప్పు, నువ్వు లాగేస్తే వీధి చివరి ఇంటికి బిందె కూడా నిండదు. సంపులో పడనిచ్చి, అక్కణ్ణుంచి పైకి ఎక్కించుకో.

తమ్ముడు: నీళ్ల సంగతి సరే, మొన్న కరెంటు వాళ్లొచ్చి ఫ్యూజు పీకేశారు! ముందు అద్దెకున్నాయన రెండు నెలలు కట్టలేదట.

అక్క: బకాయి మనిషి పేరు మీద ఉండదు, సర్వీసు నంబరు మీద ఉంటుంది. దిగే ముందు ఆ నంబరు కొట్టి చూసుంటే ఫోన్లోనే తెలిసేది. సరేలే, బిల్లెంతొచ్చింది?

తమ్ముడు: రెండు వందల యాభై యూనిట్లు. ఏసీ వేశాలే.

అక్క: శ్లాబులు చూడు మరి. 2022 ఆగస్టులో మార్చిన రేట్ల ప్రకారం మొదటి 30 యూనిట్లు ఒక్కోటి 1.90 రూపాయలు, తర్వాత 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, అది దాటితే ఒకేసారి 8.75. అంటే 200 దగ్గర ఆగి ఉంటే 867 అయ్యేది, 250 కాబట్టి 1,235 దాటింది. యాభై యూనిట్లకి మూడొందల అరవై పైన! దీని మీద ఫిక్స్‌డ్ చార్జీలు, సర్దుబాటు చార్జీలు వేరే. అయితే 225 దాటినంత మాత్రాన మొత్తం బిల్లుకి పెద్ద రేటు వెయ్యరు, పైన వాడినవాటికే వేస్తారు. చాలామందికి ఈ ముక్క తెలియక ఊరికే టెన్షన్ పడతారు.

తమ్ముడు: కరెంటు పోతే లైన్‌మన్‌కి ఫోన్ చేస్తే చాలుగా?

అక్క: అతను వస్తాడు, పాపం వానలో కూడా స్తంభం ఎక్కుతాడు. కానీ 1912కి కూడా చేసి కంప్లైంట్ నంబరు తీసుకో. నోటిమాటతో పని అయిపోతే మీ వీధిలో కరెంటు పోయినట్టు ఎక్కడా రాసుండదు, నెలకి నాలుగుసార్లు పోయినా ట్రాన్స్‌ఫార్మర్ మార్చమని అడగడానికి నీ చేతిలో ఏముంటుంది? వీధిలైటుకైనా, డ్రైనేజీకైనా అంతే, వార్డు సచివాలయంలో చెప్పి ఊరుకోకు, నంబరు అడుగు. గ్యాస్ వాసనొస్తే మాత్రం స్విచ్చులు ముట్టుకోకుండా తలుపులు తీసి, రెగ్యులేటర్ కట్టేసి, బయటికొచ్చి 1906కి చెయ్యి.

తమ్ముడు: వాట్సాప్‌లో కూడా ఏదో వచ్చిందట కదా?

అక్క: మన మిత్ర అని, రాష్ట్ర ప్రభుత్వం వాట్సాప్ సేవ, 2025 జనవరిలో మొదలైంది. 9552300009కి హాయ్ అని పెడితే చాలు. నేను కరెంటు బిల్లు దాంట్లోనే కడుతున్నా. ఇంటి పన్ను మీ ఓనరు చూసుకుంటాడులే, కాకపోతే ఏడాదిది మొత్తం ఏప్రిల్ 30లోపు కడితే 5 శాతం తగ్గుతుందని ఆయన చెవిన వెయ్యి.

తమ్ముడు: అద్దె తగ్గిస్తాడా దానికి?

అక్క: ఆశ చూడు! ముందు ఆ పాత బకాయి రెండు నెలలదీ అద్దెలో పట్టుకున్నావా లేదా?