సోవియట్ చిప్‌లన్నీ దొంగ సరుకేనా? ఈ ఒక్కటి చూసి మాట్లాడండి!

ముందే చెప్పేస్తున్నా, ఈ వీడియో కింద తిట్లు పడతాయని తెలుసు. అయినా ఆగను. "సోవియట్ ప్రాసెసర్లన్నీ దొంగ కాపీలే" అనే మాట సగం అబద్ధం. ఆ సగాన్ని ఈరోజు ఉతికి ఆరేస్తా.

నా చిప్‌ల డబ్బా చూపించిన ప్రతిసారీ కామెంట్లలో అదే ఫొటో. అమెరికా కంప్యూటర్ కంపెనీ డెక్ తయారుచేసిన సీవాక్స్ అనే ప్రాసెసర్ చిప్ ఫొటో! 1980ల్లో అమెరికా వాళ్లు దాని సిలికాన్ మీదే, మైక్రోస్కోప్ పెడితే తప్ప కనిపించనంత చిన్నగా, రష్యన్‌లో ఒక వాక్యం చెక్కారు. సోవియట్ వాళ్లూ, మీరు ఎలాగూ కొట్టేస్తారు కదా, కొట్టేస్తే మేలైన సరుకే కొట్టెయ్యండి అని దాని భావం. మంచి సెటైరే, నేనూ నవ్వాను. కానీ ఆ రష్యన్ ఉంది చూశారూ, డిక్షనరీ ముందేసుకుని మాట పక్కన మాట పేర్చినట్టుంటుంది. అవతలివాడి చిప్పుని వెక్కిరించే ముందు వాడి వ్యాకరణమన్నా చూసుకోవాలి కదా!

సరే, కాపీ కొట్టలేదా? కొట్టారు. కీవ్‌లో మొదలైన 580 సిరీస్ ప్రాసెసర్ ఇంటెల్ 8080కి కాపీ, ఒప్పుకుంటా. (దాన్ని "రష్యన్ చిప్" అనకండి బాబూ, కీవ్ ఎక్కడుందో మ్యాప్‌లో చూడండి.) మరి ఇదే 8080ని ఇంకెవరు కాపీ కొట్టారో తెలుసా? ఏఎండీ! చిప్ ఫొటోలు తీసి, చూసి గీసి, ఏఎం9080 అని అమ్మారు. ఇంటెల్‌తో లైసెన్స్ ఒప్పందం ఆ తర్వాతి మాట. ఇవాళ మీ గేమింగ్ పీసీలో ఏఎండీ పెట్టుకుని మురిసిపోతున్నారుగా, ఆ కంపెనీని దొంగ అన్నారా ఎప్పుడైనా? అమెరికావాడు చేస్తే రివర్స్ ఇంజనీరింగ్, సోవియట్‌వాడు చేస్తే దొంగతనమా?

ఇప్పుడు అసలు సంగతి. ఇదిగో, కెమెరాకి దగ్గరగా పెడుతున్నా. కె1801విఎమ్1. మాస్కో పక్కన జెలెనోగ్రాద్ సరుకు, 16 బిట్ ప్రాసెసర్. ఇళ్లలోకి వచ్చిన బీకే-0010 కంప్యూటర్‌కి గుండెకాయ ఇదే. డెక్ వాళ్ల పీడీపీ-11 కంప్యూటర్‌కి రాసిన ఆదేశాలు దీనికి అర్థమవుతాయి. అందుకే కాపీ అంటారు. కానీ లోపల సర్క్యూట్ జెలెనోగ్రాద్ వాళ్లు సొంతంగా గీసుకున్నది! దీనికి ముందు 1801విఇ1 అని ఒకటుంది. అందులో ఆదేశాల భాష కూడా వాళ్లదే, పేరు ఎలక్ట్రానికా ఎన్‌సి. తర్వాత పైనుంచి మాట వచ్చింది, మీ భాష పక్కన పెట్టండి, డెక్ భాష పెట్టండి అని. ఆదేశాలని అర్థం చేసుకునే లోపలి మైక్రోకోడ్ మార్చారు, విఎమ్1 అయింది. ఇల్లు కట్టుకుంది వీళ్లు, గుమ్మం మీద పేరు మాత్రం పక్కింటాయనది.

నా సిద్ధాంతం ఇది, మీరు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా. అక్కడ కొరత తెలివికి కాదు, కుర్చీలో ఉన్నవాడి ధైర్యానికి. బీఈఎస్ఎం-6 అని 1960ల్లోనే సోవియట్ వాళ్ల సొంత కంప్యూటర్, సెకనుకి దాదాపు 10 లక్షల లెక్కలు. అలాంటిది చేతిలో పెట్టుకుని, అదే దశాబ్దం చివర్లో అమెరికా వాళ్ల ఐబీఎం 360 కంప్యూటర్‌ని కాపీ కొడదామని నిర్ణయించారు. బీఈఎస్ఎం సృష్టికర్త లెబెదేవ్ వద్దు మొర్రో అన్నాడు. విన్నారా? ఎందుకు వింటారు!

మన విశాలాంధ్ర బుక్ హౌస్‌లో చవగ్గా దొరికిన సోవియట్ పుస్తకాలు గుర్తున్నాయా? ఆ కాగితం వాసన! నాకు ఈ పిచ్చి అక్కడే పట్టుకుంది, చిప్‌లు తర్వాత వచ్చాయి. సరే, మళ్లీ లైన్‌లోకి వద్దాం.

మక్కికి మక్కి కాపీ అనేవాళ్లు ఇది చూడండి. ఇది కీవ్ సిరీస్ 580. నలభై కాళ్లు, వరసకి ఇరవై. అమెరికా చిప్పుల్లో కాలికీ కాలికీ దూరం 2.54 మిల్లీమీటర్లు, అంగుళంలో పదో వంతు. సోవియట్ వాళ్లు మెట్రిక్ మనుషులు, 2.5 పెట్టారు. ఇరవై కాళ్లు అయ్యేసరికి 0.76 మిల్లీమీటర్ల తేడా. మామూలు సాకెట్‌లో పెడుతున్నా చూడండి, మధ్య కాళ్లు దిగాయి, చివరివి అంచు మీద కూర్చున్నాయి. గట్టిగా నొక్కితే కాలు విరిగిపోతుంది. ఒకటి విరిచేశాను కూడా, అడక్కండి.

నా అసలు కోపం బంగారం గాళ్ల మీద. అప్పట్లో సోవియట్ పరికరాల కాగితాల్లో బంగారం, వెండి ఎన్ని గ్రాములో రాసేవాళ్లు. ఇప్పుడు ఆ లెక్క చూసుకుని, బంగారం తీయడానికి పాత చిప్‌లని యాసిడ్‌లో ముంచుతున్నారు. తులం బంగారం రేటు పెరిగినప్పుడల్లా నాకు టెన్షన్!

మిగిలినవాటికి నకిలీల బెడద. మిలిటరీ తనిఖీ దాటిన చిప్‌ల మీద చిన్న డైమండ్ గుర్తు ఉంటుంది, వాటికి రేటెక్కువ. ఆన్‌లైన్‌లో ఒకాయన దగ్గర అలాంటిది కొన్నా. తెల్ల సిరామిక్, నిగనిగలాడుతోంది. అనుమానమొచ్చి దూదిని అసిటోన్‌లో ముంచి తుడిచా. డైమండ్ దూదికి అంటుకొచ్చేసింది. కింద పాత రాత లీలగా కనిపిస్తోంది, మామూలు సివిలియన్ చిప్పు.

ఫొటో తీసి ఆయనకి పంపా. వెంటనే రిప్లై వచ్చింది: "దాన్ని ఎవరు కడగమన్నారు సార్?"