ఒకే వంటిల్లు, వేరు వేరు కొలెస్ట్రాల్

అందరికీ నమస్కారం.

మన ఇళ్ళల్లో ఎవరికైనా కొలెస్ట్రాల్ ఎక్కువుందని రిపోర్టు వస్తే ముందు వినపడే మాట ‘నోరు కట్టుకోలేదు, అనుభవిస్తున్నాడు’ అని. అదే కుక్కర్లో వండిన అన్నం, అదే నెయ్యి తినే తమ్ముడి రిపోర్టు మాత్రం శుభ్రంగా ఉంటుంది. ఈ తేడాలో పుట్టుకతో వచ్చిన జన్యువులకీ వాటా ఉంది, ఆ నింద చాలాసార్లు అన్యాయమని చెప్పడానికే వచ్చాను.

అమెరికాలో 88 ఏళ్ళ పెద్దాయన ఒకాయన ఉండేవాడు. రోజుకి పాతిక గుడ్లు తినేవాడు, ఒకరోజు రెండురోజులు కాదు, ఏళ్ళ తరబడి. రోజూ రెండు డజన్ల గుడ్లు ఆయనకి వెళ్తాయని ఆయన ఉన్న వృద్ధాశ్రమంలో నర్సు కూడా చెప్పింది. ఆయన మొత్తం కొలెస్ట్రాల్ 200 దగ్గరే. కొలరాడో యూనివర్సిటీ డాక్టర్ ఫ్రెడ్ కెర్న్ ఈ సంగతేంటో తేలుద్దామని పరీక్షలు చేసి, 1991లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో రాశాడు. తిన్న కొలెస్ట్రాల్‌లో మామూలు మనుషుల పేగు సగం దాకా పీల్చుకుంటే ఈయన పేగు 18 శాతమే పీల్చుకుంటోంది, పైగా కాలేయం కొలెస్ట్రాల్‌ని పైత్యరసపు ఆమ్లాలుగా మార్చే పని రెట్టింపు చేస్తోంది.

ఇవన్నీ నడిపించే జన్యువులు తర్వాత ఒక్కొక్కటిగా దొరికాయి. పేగు గోడలోంచి కొలెస్ట్రాల్‌ని లోపలికి తీసుకునే ప్రోటీన్ ఎన్‌పీసీ1ఎల్1 అని 2004లో తేలింది, కొలెస్ట్రాల్ తగ్గించే ఎజెటిమైబ్ మాత్ర ఆపేది దీన్నే. వచ్చినదాన్ని తిరిగి పేగులోకి నెట్టేసేవి ఏబీసీజీ5, ఏబీసీజీ8. వీటిలో తేడాలు మనిషి మనిషికీ ఉంటాయి, అందుకే గుడ్డు అందరికీ ఒకేలా పనిచెయ్యదు.

ఇక ట్రైగ్లిజరైడ్ల సంగతి, అంటే రక్తంలో తిరిగే కొవ్వు. నెయ్యి దట్టంగా వేసిన భోజనం చేసిన మూడు నాలుగు గంటలకి రక్తం తీసి సీరం, అంటే రక్తం గడ్డకట్టాక పైన మిగిలే ద్రవం, వేరుచేస్తే, పరగడుపున లేత పసుపు రంగులో తేటగా ఉండేది కాస్తా పల్చటి మజ్జిగలా తెల్లబడి కనిపిస్తుంది. కొందరిలో అది తొందరగానే తేటపడుతుంది, కొందరిలో చాలాసేపు అలాగే ఉంటుంది. అమెరికాలో లాంకాస్టర్ ప్రాంతంలో పాతకాలపు పద్ధతుల్లో బతికే ఆమిష్ అనే క్రైస్తవ సమాజంవాళ్ళకి చిక్కటి మీగడతో చేసిన మిల్క్‌షేక్ తాగించి మేరీలాండ్ యూనివర్సిటీ వాళ్ళు ఇదే చూశారు, 2008లో ప్రచురించారు. ప్రతి జన్యువూ మనకి రెండు కాపీలుగా వస్తుంది, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. వాళ్ళలో నూటికి ఐదుగురికి ఏపీఓసీ3 అనే జన్యువు కాపీల్లో ఒకటి పనిచెయ్యదు. రక్తంలోంచి కొవ్వు తొలగకుండా అడ్డుపడే ప్రోటీన్‌ని తయారుచేసేది ఆ జన్యువే. అడ్డు తగ్గింది కాబట్టి వాళ్ళ ట్రైగ్లిజరైడ్లు పరగడుపున మిగతావాళ్ళలో సగమే, మిల్క్‌షేక్ తాగాక కూడా తక్కువే.

రెండు కాపీలూ పనిచెయ్యకపోతే ఏమవుతుంది? చుట్టరికపు పెళ్ళిళ్ళు ఎక్కువగా ఉండే పాకిస్తాన్‌లో డానిష్ సలీహీన్ బృందం 10,503 మంది జన్యువులు చదివి 2017లో నేచర్ పత్రికలో చెప్పింది. ఒక ఇంట్లో తండ్రికీ తల్లికీ రెండేసి కాపీలూ పనిచెయ్యవు, కాబట్టి తొమ్మిదిమంది పిల్లలకీ అంతే. ఆ కుటుంబంవాళ్ళకి కొవ్వు తాగించి చూస్తే ట్రైగ్లిజరైడ్లు దాదాపు కదల్లేదు. ఏపీఓసీ3ని అణిచే ఒలెజార్సెన్ అనే మందుకి 2024 డిసెంబర్లో అమెరికాలో అనుమతి వచ్చింది, ట్రైగ్లిజరైడ్లు విపరీతంగా పెరిగే ఒక అరుదైన వంశపారంపర్య జబ్బుకి.

మేనరికాలు మన దగ్గరా ఉన్నాయి, ఇక్కడ నాకు భయం వేసేది రెండో వైపు. చెడు కొలెస్ట్రాల్ అనే ఎల్డీఎల్‌ని రక్తంలోంచి కాలేయంలోకి లాక్కునే గ్రాహకం ఒకటుంది, దాన్ని కనిపెట్టిన బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకి 1985లో నోబెల్ ఇచ్చారు. ఆ గ్రాహకపు జన్యువు ఒక కాపీ చెడితే వచ్చేది ఫెమిలియల్ హైపర్‌కొలెస్టరోలీమియా, అంటే వంశపారంపర్యంగా కొలెస్ట్రాల్ పెరిగే జబ్బు, సుమారు 250, 300 మందిలో ఒకరికి ఉంటుంది. మేనమామ కూతుర్నో మేనత్త కూతుర్నో చేసుకున్నప్పుడు ఇద్దరిలోనూ అదే చెడు కాపీ ఉండే అవకాశం పెరుగుతుంది, అలా ఉంటే ప్రతి కాన్పులోనూ రెండు కాపీలూ చెడిన బిడ్డ పుట్టే అవకాశం నాలుగింట ఒక వంతు. మోచేతుల మీద, మోకాళ్ళ మీద పసుపు రంగు గడ్డలు వస్తాయి, పులిపిర్లేమో అనుకుంటారు. ఎల్డీఎల్ 500 దాటి ఉంటుంది, చికిత్స లేకపోతే ఇరవై ఏళ్ళు నిండకుండానే గుండెపోటు రావచ్చు. అలాంటి పిల్లలకి నూనె తగ్గించండి అని చెప్పి పంపించేస్తే అది ఘోరం.

అయితే ఇదంతా విని జన్యు పరీక్ష కిట్ కొని డైట్ రాయించుకుందాం అనుకోకండి. ఏపీఓఈ అనే జన్యువు సంగతే తీసుకోండి. అది తయారుచేసేది 299 అమైనో ఆమ్లాల ప్రోటీన్, అందులో 112వది ఒక్కటి మారితే మామూలు ఈ3 రకం కాస్తా ఈ4 రకం అవుతుంది. ఈ4 ఉన్నవాళ్ళకి సగటున ఎల్డీఎల్ ఎక్కువ, నెయ్యి, డాల్డా తగ్గిస్తే తగ్గడం కూడా కొంచెం ఎక్కువే. కానీ ఆ తేడా చిన్నది, మరోపక్క అదే ఈ4 అల్జీమర్స్ ముప్పు గురించీ చెప్తుంది, మీరు అడగని టెన్షన్ ఒకటి ఇంటికొస్తుంది. బ్రిటన్‌లో ప్రెడిక్ట్ అధ్యయనం, 2020లో వచ్చింది, కవలలతో సహా వెయ్యిమందికి ఒకే రకం మఫిన్లు పెట్టి చూసింది. ఒకే జన్యువులుండే, అచ్చుగుద్దినట్టుండే కవలల్లో కూడా ట్రైగ్లిజరైడ్లు వేర్వేరుగా పెరిగాయి, జన్యువుల వాటా తక్కువే తేలింది. అంటే ఒక్క జన్యువు గట్టిగా చెడినప్పుడు కథంతా అదే నడిపిస్తుంది, మిగతా మనందరిలో నిద్ర, బరువు, నడక, తిన్న వేళ అన్నీ కలిసే పనిచేస్తాయి.

కాబట్టి మీ ఒంటినే అడగండి. ఒక్క మార్పు చెయ్యండి, ఆరు నుంచి ఎనిమిది వారాలు ఉంచండి, ముందూ తర్వాతా ఒకే ల్యాబ్‌లో లిపిడ్ ప్రొఫైల్ చేయించండి. ట్రైగ్లిజరైడ్లు ఏమీ మార్చకపోయినా ఇరవై శాతం అటూ ఇటూ ఊగుతుంటాయి, చిన్న తేడాకి మురిసిపోవద్దు, దిగులుపడొద్దు. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువుంటే నెయ్యి కన్నా ముందు కంచంలో అన్నం తగ్గించి చూడండి. పిండిపదార్థం ఎక్కువైతే కాలేయం దాన్ని కొవ్వుగా మార్చి రక్తంలోకి వదులుతుంది, ట్రైగ్లిజరైడ్లని పెంచే ఏపీఓఏ5 అనే జన్యువులోని తేడా మనవాళ్ళలో యూరప్‌వాళ్ళ కన్నా ఎక్కువగా కనిపిస్తుంది.

ఎల్డీఎల్ 190 దాటితే మాత్రం ప్రయోగాలు వద్దు, డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, అన్నదమ్ములకీ అక్కచెల్లెళ్ళకీ పిల్లలకీ కూడా పరీక్ష చేయించండి. ఇంట్లో ఎవరికైనా యాభై లోపే గుండెపోటు వచ్చి ఉంటే లైపోప్రోటీన్ ఏ అనే పరీక్ష పేరు చెప్పి అడగండి, అది ఎల్డీఎల్ లాంటిదే, రక్తంలో కొలెస్ట్రాల్‌ని మోసే ఒక రకం కణం. మామూలు లిపిడ్ ప్రొఫైల్‌లో అది ఉండదు. దాని స్థాయి దాదాపు పూర్తిగా జన్యువులదే, తిండితో పెద్దగా మారదు, అందుకే చాలామందికి జీవితంలో ఒక్కసారి చేయిస్తే సరిపోతుంది.